అన్ని రోగాలకూ గ్యాసే

పలాస-కాశీబుగ్గ నుంచి కవిటి దాకా, టెక్కలి నుంచి వజ్రపుకొత్తూరు దాకా ఒక మహాశాస్త్రం వర్ధిల్లుతోంది. దానికి సూత్రం ఒకటే: "గేసు అయిపోనాది బాబూ!" ఫ్రిజ్ చల్లబడకపోయినా గ్యాసే, గుయ్యిమన్నా గ్యాసే, అసలు కంప్రెసరే లేవకపోయినా గ్యాసే. ఫ్రిజ్‌ని వెనక్కి తిప్పనక్కర్లేదు, సంచిలోంచి మల్టీమీటరు తియ్యనక్కర్లేదు. గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే రోగం తేలిపోతుంది.

ఈ శాస్త్రానికి ఒక్కటే ఇబ్బంది. అది తప్పు. గ్యాస్ పోయిన మామూలు ఫ్రిజ్‌లో కంప్రెసర్ తిరుగుతూనే ఉంటుంది, చల్లదనమే రాదు. మోటారే లేవనప్పుడు గ్యాస్ కొట్టడమంటే, స్టార్టు కాని లారీకి టైర్లలో గాలి పట్టించడమే. పైగా గ్యాస్ వాడితే ఖర్చయ్యే సరుకు కాదు. మూసిన గొట్టాల్లో తిరుగుతుంటుంది. తగ్గిందంటే ఎక్కడో చిల్లు పడినట్టే. ఆ చిల్లు వెతక్కుండా గ్యాస్ నింపినవాడు వచ్చే వేసవి బేరం కూడా ఇప్పుడే కుదుర్చుకున్నాడు.

కంప్రెసర్ లేవకపోవడానికి అసలు కారణాలు చాలావరకు చవకవి. అందుకే వాటికి మర్యాద లేదు. మోటారులో స్టార్టింగ్, రన్నింగ్ అని రెండు వైండింగులు. మొదటి క్షణం స్టార్టింగ్ వైండింగుకు కరెంటు అందించి తప్పుకునేది రిలే. మోటారు లేవలేక వేడెక్కితే కరెంటు తెంపేది ఓవర్‌లోడ్. గుయ్యిమని, కాసేపటికి టిక్కుమని ఆగి, మళ్లీ అదే పాట పాడుతోందంటే ముందు చూడాల్సింది ఈ రెండింటినీ, వాటికి అందే వోల్టేజీనీ. రిలే ఊడదీసి ఊపితే గలగలమందా, లోపలి బిళ్ల పగిలినట్టే. ఉప్పుగాలి తగిలే ఈ ఉద్దానం ప్రాంతంలో కంప్రెసర్ పిన్నులు తుప్పు పట్టడమూ వింత కాదు.

అసలు దొంగ చాలాసార్లు వోల్టేజీ. 230 వోల్టులకు 6 శాతం అటూ ఇటూ ఉండొచ్చన్నది నిబంధన. అంటే 216 కంటే దిగకూడదు. కొబ్బరితోటల మధ్య, లైను చిట్టచివరి ఇంట్లో మీటరు 170 చూపిస్తే, గ్యాస్ ఎంత నింపితే వోల్టులు పెరుగుతాయో ఆ శాస్త్రజ్ఞులే చెప్పాలి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తీరాన్ని తాకినప్పుడు స్తంభాలు కూలి, ఊళ్లు రోజుల తరబడి చీకట్లో మగ్గాయి. తుపాను లేని రోజుల్లోనూ కరెంటు పోయి వెంటనే వస్తుంటుంది. అప్పుడు కంప్రెసర్ మొరాయిస్తుంది. గొట్టాల్లో పీడనం సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ కాసేపు ఆగితే దానంతటదే లేస్తుంది. ఆగలేక ఫోన్ చేశామా, లేచిన ఘనత వచ్చినవాడి హస్తవాసికి, బిల్లు మనకి.

చల్లనీళ్ల కోసం ఇంత గొడవా అనకండి. కిడ్నీ జబ్బు ఇంటింటి మాటైన నేల ఇది. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో తెరిచారు. రక్తం పట్టడానికి డయాలసిస్ రోగులకిచ్చే ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్, చక్కెర రోగి తెరవకుండా దాచుకునే ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. తప్పుడు వైద్యంతో ఫ్రిజ్ ఆగిన ప్రతి రోజూ మందుకు గండమే.

మీటరు తీసి చూసే మెకానిక్కులూ ఉన్నారు, వాళ్లకి దండం. మిగతావాళ్లని మాత్రం అడగండి: ప్లగ్గులో వోల్టేజీ ఎంత? కంప్రెసర్ మూడు పిన్నుల మధ్య ఓమ్‌ల రీడింగులెంత? మామూలు కంప్రెసరైతే పెద్ద రీడింగు మిగతా రెండింటి మొత్తానికి సరిపోవాలి. ఇన్వర్టర్ రకమైతే మూడూ సమానంగా రావాలి. పిన్నుకీ బాడీకీ మధ్య ఏమీ రాకూడదు. ఇవి సరిగ్గా ఉంటే రిలే మార్చి చూడమనండి, ఇన్వర్టర్ రకమైతే బోర్డు చూడమనండి. ఇంకో మాట. ఈ కాలం ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఉండే ఆర్600ఎ మంటపట్టే గ్యాస్. బీడీ ముట్టించుకుని గొట్టం కోసేవాడిని ఇంట్లోకి రానివ్వకండి. రీడింగు చెప్పలేనివాడికి గ్యాస్ డబ్బులివ్వకండి.