ప్లేయరు సెట్టింగులకు టీకా తాత్పర్యాలు

షఫుల్: ఆఫ్
రిపీట్: ఆల్
ఈక్యూ: నార్మల్
స్పీడ్: 1.0
వాల్యూమ్: 18

అవతారిక. పై అయిదు గీతలూ మూలం. చిప్పు పెట్టుకుని పాటలు వినే ఎంపీత్రీ ప్లేయరు తన తెర మీద మనకు విప్పి చెప్పేది ఇంతే. కర్త పేరు లేదు, ఫలశ్రుతి లేదు. పెట్టెతో పాటు మడతలు మడతలుగా ఒక కాగితం వస్తుంది గానీ, ఏ మీట నొక్కితే ఏ గీత మారుతుందో చెప్పి ఊరుకుంటుంది; ఎందుకు మార్చాలో, ఎప్పుడు మార్చకూడదో దాని పని కాదు. కాళిదాసు కావ్యాలకు సంజీవని రాసిన కోలాచల మల్లినాథసూరి, మెదకు సీమలోని కొల్చారం వాడు, ఆధారం లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ ముందే ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఒట్టు పెట్టుకుని ఈ అయిదు గీతలకు టీక రాయడం సాహసమే. కనక సిద్ధాంతం దాచకుండా ముందే చెప్పేస్తాను. పాట మూలమైతే సెట్టింగు దానికి వ్యాఖ్య. మీట మీద వేలు పెట్టిన ప్రతివాడూ వ్యాఖ్యాతే. ఈ అయిదింటిలో వరస, వేగం పాట కట్టినవాడి సొత్తు. ఈక్యూ, వాల్యూమ్ వినే చోటును బట్టి నడిచేవి. మళ్లీ మళ్లీ వినడం ఒక్కటే అచ్చంగా వినేవాడి ఇష్టం. ఎవరి సొత్తు మీద చెయ్యి వేస్తున్నామో తెలిసి వేస్తే పేచీ లేదు. ఉదాహరణలన్నీ నంద్యాల, ఆళ్లగడ్డల చుట్టుపక్కల నుంచే తీసుకుంటాను. నలభై కిలోమీటర్ల పైచిలుకు దారికి ఈ కొసన నవనందులు, ఆ కొసకు అవతల అహోబిలం నవనరసింహులు. తొమ్మిదేసి దేవుళ్లను వరసపెట్టి చూసివచ్చే అలవాటున్న సీమలో వరస గురించి వాదించడానికి సాక్ష్యాలకు కొదవలేదు.

షఫుల్ అనగా కలగలుపు, ఆఫ్ అనగా వద్దు. కలగలుపు వద్దంటే మిగిలేది క్రమం. ఏ క్రమం? యంత్రం ఇక్కడ నోరు మెదపదు. పూర్వమీమాంసలో జైమిని అయిదో అధ్యాయాన్ని ఈ ప్రశ్నకే కేటాయించాడు. ఏది ముందు, ఏది వెనక అని తేల్చడానికి అక్కడ ఆరు ప్రమాణాలున్నాయి: శ్రుతి, అర్థం, పాఠం, స్థానం, ముఖ్యం, ప్రవృత్తి. అగ్నిహోత్రం చెయ్యమన్న మాట ముందూ, గంజి కాచమన్న మాట వెనకా వచ్చినా, హోమం చెయ్యవలసింది ఆ గంజితోనే కాబట్టి గంజి కాయడమే ముందు జరగాలి; పాఠక్రమాన్ని అర్థక్రమం కొట్టేస్తుందని మీమాంసకుల తీర్పు. మన చవక ప్లేయర్లకు తెలిసింది పాఠక్రమం ఒక్కటే, అదీ అరకొరగా. కొన్ని ప్లేయర్లు ఫైళ్లను చిప్పులోకి ఏ వరసలో ఎక్కించామో ఆ వరసలోనే పాడతాయి. కొన్ని పేర్లను ఒక్కో అక్షరం చొప్పున పోల్చుకుంటూ పోతాయి. వాటి లెక్కలో 1 తరవాత 10, ఆపైన 11, 12, అవన్నీ అయ్యాకే 2. ప్రహ్లాద చరిత్ర హరికథను పన్నెండు భాగాలుగా ఎక్కించి, షఫుల్ ఆఫ్‌లోనే ఉంది కదా అని నిశ్చింతగా కూర్చుంటే ఏమవుతుంది? మొదటి భాగంలో గణపతి ప్రార్థన. దాని వెంటనే పదో భాగం, అందులో స్తంభం పగులుతుంది. పన్నెండో భాగంలో మంగళం పాడి హరిదాసు చిడతలు కింద పెడతాడు. అప్పుడు ప్రహ్లాదుడు పుడతాడు. అహోబిలంలో ఉగ్రస్తంభం చూసి కొండ దిగివస్తున్న భక్తుణ్ణి దీనికి ఒప్పించడం కష్టం. కిటుకు తెలిసిన సెల్ షాపు కుర్రాళ్లు ఒకటిని 01 అని, రెండును 02 అని రాసి ఎక్కిస్తారు. కథకున్న అర్థక్రమం ఆ ఒక్క సున్నాతో యంత్రానికి తెలిసిన పాఠక్రమంలోకి దిగుతుంది. ఈ పెట్టె మీద ఇంతవరకూ వచ్చిన వ్యాఖ్యల్లో నేను అగ్రతాంబూలం ఇచ్చేది ఆ సున్నాకే.

పూర్వపక్షి లేచి అంటాడు: ‘క్రమం, క్రమం అని పట్టుకున్నావు. కార్తీకమాసంలో నంద్యాల వచ్చి చూడు. తొమ్మిది నందులనూ ఒక్కనాడే, పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేలోగా చుట్టిరావాలని జనం పరుగు. ఆటో అబ్బాయి ఏ దారిన తిప్పితే అదే వరస. దేవుడికి లేని పట్టింపు పాటకెందుకు?’ శంక గట్టిదే. లెక్క కడితే ఇంకా గట్టిపడుతుంది. తొమ్మిదింటిని పేర్చగల వరసలు 3,62,880. ప్రథమ నంది తన స్థానాన్ని పేరులోనే పెట్టుకుంది కనక దాన్ని మొదట నిలిపితే, మిగిలిన ఎనిమిదింటికి 40,320. ఇన్ని వరసలు చేతిలో ఉండి కూడా ఆటో అబ్బాయి ఎంచుకునేవి ఎన్ని? నాగనంది, సోమనంది నంద్యాల ఊళ్లోనే ఉన్నాయి. వినాయకనంది, గరుడనంది మహానంది గుడికి కూతవేటు దూరంలో ఉన్నాయి. ఊళ్లోవి ఊళ్లో ముగించాలి, మహానందిలోవి మహానందిలో చూడాలి, సూర్యనంది, శివనంది, కృష్ణనంది ఆ రెంటి నడుమ సర్దాలి, మహానంది కోనేట్లో మునకకు కాస్త వ్యవధి మిగలాలి. ఆ నలభై వేలలో ఈ లెక్కకు నిలిచేవి బహు కొద్ది. దారి, పెట్రోలు, పొద్దు, ఈ మూడూ చూసి అతను వరస కడుతున్నాడు; కారణం ఉంది కాబట్టి అది క్రమమే. షఫుల్‌కు కారణం లేకపోవడమే లక్షణం. అహోబిలానికి పోయినా ఇదే సంగతి. భార్గవ, యోగానంద, ఛత్రవట నరసింహులు దిగువ అహోబిలం వైపు, కారంజ నరసింహుడు దిగువ నుంచి ఎగువకు పోయే దారిలో, జ్వాలా నరసింహుడు కొండ మీద. ఎండ ముదరకముందే ఎక్కవలసింది ఏదో అక్కడ ఎవరినడిగినా చెబుతారు. నవనరసింహ దర్శనాన్ని షఫుల్‌లో పెట్టుకున్నవాడు మూడోసారి కొండ దిగేసరికి మీమాంస చదవకుండానే పండితుడవుతాడు.

ఇంకో పూర్వపక్షి ఇంతకన్నా తెలివైనవాడు. షఫుల్‌లో పక్షపాతం లేదు, మూలనపడ్డ పాటకు కూడా వంతు వస్తుంది, ఇది న్యాయం కాదా అని అతని వాదం. ఆ న్యాయం ఎలా ఉంటుందో చూద్దాం. చిప్పులో 100 పాటలు, వాటిలో ఘంటసాలవి 20 ఉన్నాయనుకుందాం. ఏ మాయా లేకుండా కలగలిపితే, ఘంటసాల పాట వెనకే మళ్లీ ఘంటసాల పాట రావడం సగటున దాదాపు 4 చోట్ల జరుగుతుంది. లెక్క ప్రకారం ఇది సహజం. చెవికి మాత్రం యంత్రం ఒకరి పక్షం వహించినట్టు తోస్తుంది. జనం గొణిగారు. 2005లో వచ్చిన ఐట్యూన్స్ కొత్త కూర్పులో ఒకే గాయకుడి పాటలు పక్కపక్కన పడకుండా దూరం పెంచుకునే అమరిక చేర్చారు. యాదృచ్ఛికంగా అనిపించాలంటే యాదృచ్ఛికత తగ్గించక తప్పలేదని స్టీవ్ జాబ్స్ వేదికెక్కి వివరించవలసి వచ్చింది. షఫుల్ కావాలన్నవాళ్లకు కూడా చివరికి ఎవరో ఒకరు వరస కట్టిపెట్టారన్నమాట. అయినా సరే, పది సినిమాల పాటలు కలిపి ఎక్కించిన చిప్పుకు షఫుల్ పెట్టుకోండి. చెడడానికి అక్కడ వరసంటూ లేదు. హరికథ, బుర్రకథ, పద్యనాటకం, సుప్రభాతం, కచేరీ వింటున్నప్పుడు మటుకు ఆ గీత జోలికి పోవద్దు.

రిపీట్ గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. పునరుక్తి దోషమని ఆలంకారికులు అన్నమాట నిజమే గానీ, చరణం చరణానికీ పల్లవిని ఎత్తుకునేలా పాట కట్టినవాడే కట్టాడు. కచేరీలో ఆ పల్లవి కొత్త సంగతి వేసుకుని వస్తుంది. రిపీట్ వన్‌లో అదే సంగతి, ముందు వరసలో కూర్చున్నవారి అదే దగ్గు. విసుగు వచ్చేవరకూ వినేవాడి ఇష్టం. ఏ-బీ రిపీట్ అని ఒకటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. పాటలో కావలసిన ముక్కకు మొదలూ తుదీ గుర్తు పెడితే ఆ ముక్కే తిరుగుతూ ఉంటుంది. సంగీతం నేర్చుకునే పిల్లలకు, పద్యం రాగం పట్టాలనుకునే నాటకాల వాళ్లకు ఈ పెట్టెలో అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే.

ఈక్యూ: నార్మల్. ఈక్యూ అనగా ఈక్వలైజరు, మంద్ర తారధ్వనుల పాళ్లు దిద్దేది. ఈ గీతకు పాఠాంతరాలున్నాయి: రాక్, పాప్, క్లాసిక్, సాఫ్ట్, జాజ్, డీబీబీ. చవకలో వచ్చే చైనా ప్లేయర్లలో తరచూ కనిపించే జాబితా ఇది. నాదస్వరానికి ఏది, డోలుకు ఏది, చిడతలకు ఏది అంటే జవాబు లేదు. జాబితా కట్టినవాడు మన పెళ్లికి ఎప్పుడూ వచ్చినట్టు లేదు. వీటిలో ఎక్కువ చెయ్యి పడేది డీబీబీ మీద. మంద్రధ్వనిని పెంచడం దాని పని. పెంచితే ఏమవుతుందో కాస్త దగ్గరగా చూడాలి. డిజిటల్ శబ్దానికి ఒక నెత్తి హద్దు ఉంటుంది, దాన్ని దాటి అల పైకి లేవడానికి చోటు లేదు. ఈ కాలపు సినిమా పాటలను చాలావరకు ఆ హద్దుకు ఆనించే తయారుచేస్తారు. అలాంటి పాటలో కింది స్వరాలను 6 డెసిబెళ్లు పెంచడమంటే ఆ అలల ఎత్తును రెట్టింపు చేయమనడం. హద్దు దాటిన అల తల తెగిపోతుంది, డోలు దెబ్బ రేకు డబ్బా మీద కొట్టినట్టు బర్రుమంటుంది. దీనికి మందు ప్లేయర్లోనే ఉంది. ఈక్యూను మనమే దిద్దుకునే వీలున్న వాటిలో కావలసిన గీతను పైకి జరపకుండా, అక్కరలేనివాటిని కిందికి దించి, తగ్గిన శబ్దాన్ని వాల్యూమ్‌తో పూడ్చుకోవాలి.

ఆక్షేపం: నంద్యాలలో పల్లెవెలుగు బస్సు ఎక్కి ఆళ్లగడ్డ దాకా ఇంజను పక్క సీట్లో కూర్చునేవాడికి ఈ నీతులు పనికిరావు. ఇంజను గుర్రు మంద్రస్థాయిలోనే ఉంటుంది, పాటలోని మంద్రాన్ని అది మింగేస్తుంది. డీబీబీ లేకపోతే మృదంగం ఉందో లేదో కూడా తెలియదు. ఈ ఆక్షేపాన్ని తోసేయలేను. పైగా శాస్త్రం కూడా ఆ ప్రయాణికుడి పక్షానే ఉంది: శబ్దం చిన్నదయ్యేకొద్దీ మన చెవికి కింది స్వరాలు మరీ తక్కువగా వినిపిస్తాయని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపారు. కాబట్టి బస్సులో మంద్రం పెంచుకోవడం తప్పు కాదు. కానీ దీనివల్ల తేలిందేమిటి? ఈక్యూ పాటను బట్టి కాక చోటును బట్టి మారేదని అతనే ఒప్పుకున్నట్టయింది. మరి సిరివెళ్ల దాటి ఆళ్లగడ్డలో బస్సు దిగాక కూడా ఆ డీబీబీ ఎందుకు ఉండాలి? అసలు చిక్కు ఇక్కడే ఉంది. చోటు కోసం పెట్టిన సెట్టింగు చోటు మారినా మారదు, కొన్నాళ్లకు పాట అలాగే ఉంటుందని చెవి నమ్మేస్తుంది. ఇంకొక మాట, వినేది హరికథో ప్రవచనమో అయితే డీబీబీ బస్సులో కూడా దండగ. మాట స్పష్టత ముఖ్యంగా 2,000 నుంచి 4,000 హెర్ట్‌జ్ నడుమ ఉంటుంది. మిగతావి దించి దాన్ని నిలబెడితే ఇంజనును దాటుకుని మాట చెవికి చేరుతుంది.

స్పీడ్: 1.0. దిగువ అహోబిలానికి కాస్త దూరంలో ఛత్రవట నరసింహుడు ఉన్నాడు. హాహా హూహూ అనే గంధర్వులు వచ్చి పాడితే స్వామి మెచ్చాడని స్థలపురాణం. విగ్రహంలో ఎడమ చెయ్యి తాళం వేస్తున్నట్టు ఉంటుంది. తొమ్మిది మంది నరసింహులున్న ఆ కొండల్లో ఈయన ఒక్కడు శ్రోతగా కూర్చున్నాడు, శ్రోతగా ఆయన పట్టించుకున్నది లయను. క్యాసెట్టు వేగంగా తిరిగితే శ్రుతీ లయా రెండూ కలిసి చెడేవి, తప్పు వెంటనే తెలిసేది. ఇప్పటి యంత్రం శ్రుతిని అక్కడే పట్టి ఉంచి లయను మాత్రం పరిగెత్తిస్తుంది. గొంతు మారలేదు కదా అని చెవి మోసపోతుంది, చౌకం కాస్తా మధ్యమకాలం అయిపోతుంది. ప్రవచనాలను 1.25లో వినేవాళ్లున్నారు, రెండు గంటలది గంటా ముప్పావు లోపే అయిపోతుంది. మాటకు తాళం లేదు కనక అభ్యంతరం లేదు. మధ్యలో పద్యం వస్తే ఒక్క నిమిషం మామూలు వేగానికి రండి.

అసలైన ఆక్షేపం చివరికి దాచిపెట్టాను. అన్నమయ్య అహోబిల మఠం ఆదివన్ శఠకోపయతి దగ్గర వేదాంతం చదువుకున్నవాడు. ఆయన సంకీర్తనలున్న రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది; ఎలా పాడాలో చెప్పే స్వరాలు లేవు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు కూర్చుని స్వరపరిస్తేనే మన నోటికి వచ్చాయి. కట్టినవాడే సెట్టింగులు వదిలేసి పోతే, తరవాతివాళ్లు తమ సెట్టింగులు పెట్టుకోగా లేనిది, వేగం నా సొత్తు కాదని నాకు చెప్పడానికి నువ్వెవరు అని పూర్వపక్షి అడగవచ్చు. సమాధానం. రేకు మౌనంగా ఉన్నచోట స్వరం కట్టినవాళ్లు కట్టారు, కట్టింది తామేనని పేరు కూడా పెట్టుకున్నారు. మంచో చెడో ఆ పూచీ వాళ్లది. చిప్పులోని పాట మౌనంగా లేదు. ఎంత వేగంగా పాడాలో ఆ గాయకుడు పాడే చెప్పాడు. చెప్పనిదాన్ని పూరించేవాడికీ చెప్పినదాన్ని దిద్దేవాడికీ మల్లినాథుడు ఒకే పీట వేయడు. అంతగా కావాలంటే ఆ కీర్తనను మీరు నేర్చుకుని, మీకు తోచిన కాలంలో, మీ గొంతుతో పాడండి. అడ్డు చెప్పేవాళ్లు ఉండరు.

వాల్యూమ్: 18. ఇది ఎన్నింటికి పద్దెనిమిదో మూలంలో లేదు. కొన్నిటిలో 30కి, కొన్నిటిలో 40కి. ఎన్ని డెసిబెళ్లో అసలే చెప్పదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి పెద్దలకు పెట్టిన హద్దు 80 డెసిబెళ్ల దగ్గర వారానికి 40 గంటలు. ఆపైన 3 డెసిబెళ్లు పెరిగినప్పుడల్లా గంటలు సగమవుతాయి: 83కి 20, 86కి 10, 89కి 5. అంకెకూ డెసిబెళ్లకూ లంకె తెలియని ప్లేయర్లో ఈ లెక్క వేసుకోవడం కుదరదు కాబట్టి వేరే కొలమానం వాడుకోవాలి. ఇయర్‌ఫోన్లు చెవిలో ఉండగానే కండక్టరు ‘టికెట్’ అన్నమాట వినబడాలి. ఆయన రెండోసారి అరవవలసి వస్తే 14కు దించండి.