తరుగు శాస్త్రం

లెక్క పుస్తకంలో ఉన్న సరుకుకూ అరలో మిగిలిన సరుకుకూ మధ్య తేలే తేడాను వ్యాపార పరిభాషలో ‘తరుగు’ అంటారు. ఇందులో దొంగతనం, బిల్లింగ్ పొరపాటు, సరఫరాదారు చేతివాటం అన్నీ కలిసే ఉంటాయి గానీ, నెలాఖరుకు ఆ మొత్తం ఎవరి జీతంలో పడాలన్న విషయంలో మాత్రం కొన్ని యాజమాన్యాలకు ఎన్నడూ సందేహం కలగదు. పట్టుచీరల విభాగంలో అరలన్నీ దించించి, ఒక చీరను సంచిలోకి జార్చి, రంగులేమీ బాగాలేవని పెదవి విరిచి వెళ్లినవారు ‘కస్టమరు దేవుళ్లు’ కాగా, ఆ చీరలన్నీ తిరిగి మడతపెట్టి, రాత్రి గేటు దగ్గర టిఫిన్ డబ్బా మూత తీసి చూపించి బయటపడే సేల్స్‌గర్ల్ మాత్రం అనుమానితురాలు. దేవుడి సంచి చూపించమంటే పరువునష్టం, అడగకుంటే జీతనష్టం. అడిగి బూతులు తిన్నా చిరునవ్వు చెదరరాదన్నది కొలువులో చేరిన నాటి పాఠం. సీసీ కెమెరాది మరీ చిత్రమైన చూపు: సిబ్బంది నిమిషంసేపు గోడకు ఆనుకున్నా అది స్పష్టంగా పట్టుకుంటుంది, కస్టమరు చేయిచేసుకున్న కోణం మాత్రం రికార్డు కాదు.

ఉద్యోగికి ప్రత్యేకంగా అప్పగించిన సరుకు, ఆ ఉద్యోగి నిర్లక్ష్యం వల్లనే నేరుగా పోయినప్పుడు, అదీ సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇచ్చిన తరువాతే, జీతం కోయవచ్చని 1936 నాటి వేతన చెల్లింపు చట్టం నిర్దేశించింది. 2019 నాటి వేతనాల కోడ్ కూడా ఆ నియమాన్నే నిలిపింది. సంజాయిషీ అడగకుండా జీతం కోసేవారినీ దొంగల లెక్కలోనే రాయాలి.