27 కోట్ల పోస్టింగు

2024 నవంబరు 22న పెర్త్‌లో భారత్, ఆస్ట్రేలియా టెస్టు మొదలైంది. ఆట మధ్యలో ఆస్ట్రేలియా బౌలరు నేథన్ లయన్‌కు మన రిషభ్ పంత్‌తో పిచ్చాపాటీ మాట్లాడాలనిపించింది. ఐపీఎల్ వేలంలో ఏ జట్టుకు వెళ్తున్నావని అడిగాడు. తెలీదన్నాడు పంత్. స్టంపు మైకు ఆ ముక్క పట్టేసింది, లోకమంతా నవ్వుకుంది. రెండు రోజుల తర్వాత, పంత్ ఇంకా పెర్త్‌లోనే ఉండగా, సౌదీ అరేబియాలోని జెడ్డాలో అతని పేరు పిలిచారు. లక్నో వాళ్ళు 20.75 కోట్ల దాకా వెళ్ళారు. పాత యజమాని ఢిల్లీ, అదే ధరకు అతన్ని తిరిగి తీసుకునే తన హక్కు వాడుకుంటానంది. లక్నో వాళ్ళు తడుముకోకుండా 27 కోట్లన్నారు. ఢిల్లీ చెయ్యి దించేసింది. ఐపీఎల్ చరిత్రలో అంతకు మించిన ధర ఎవరికీ పలకలేదు. ఒక మనిషి రానున్న మూడేళ్ళు ఏ ఊరి పేరు చొక్కా మీద వేసుకుని తిరగాలో ఇలా తేలిపోయింది. ఆ మనిషిని మాత్రం ఎవరూ అడగలేదు.

ఈ వార్త పైకి చదివి, చివర్లో అలవాటు కొద్దీ "పాపం" అని చేర్చాడు వ్యాసకర్త. అదే ఆయన కొంప ముంచింది. ఎదురుగా కూర్చున్నది బావమరిది.

బావమరిది ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో ఆఫీసరు. ప్రమోషనన్న మాట చెవిన పడితే స్వీట్లకన్నా ముందు రైల్వే టైంటేబులు గుర్తొచ్చే జాతి. భీమవరంలో క్లర్కుగా ఉన్నన్నాళ్ళూ రొయ్యల చెరువు గట్టు మీద నిలబడి ఎవడు అప్పు తీరుస్తాడో, ఎవడు ఎగ్గొడతాడో చెప్పేవాడు. అలాంటివాడు ఆఫీసరు కాగానే బ్యాంకు అతన్ని జార్ఖండ్‌లో బొగ్గు తప్ప మరో పంట లేని ఊరికి పంపింది. అక్కడ రొయ్యల గురించి అడిగినవాడు ఒక్కడూ లేడు.

"ఎవరికి బావా పాపం?" అన్నాడు. "27 కోట్లిస్తానంటే లక్నో ఏం ఖర్మ, చంద్రమండలానికైనా రిలీవింగ్ ఆర్డరు నేనే టైపు చేసుకుని వెళ్తాను."

మాట న్యాయంగానే ఉంది. 2025 సీజన్‌లో పంత్ 269 పరుగులు చేశాడు. అందులో 118 ఆఖరి మ్యాచ్‌లోనే వచ్చాయి. పరుగుకు సుమారు పది లక్షలు పడింది. ఈ లెక్క విన్నాక జాలి పడాలంటే మనిషికి గుండె పెద్దదైనా ఉండాలి, లెక్కలైనా రాకపోయి ఉండాలి.

అయినా వ్యాసకర్త పట్టు విడవలేదు. ఐపీఎల్ వేలానికి ఆటగాడు ఇచ్చే దరఖాస్తులో అతని చేతిలో ఉన్నవి రెండే: పేరు ఇవ్వడం, కనీస ధర చెప్పడం. ఆ ఏడాది కనీస ధర 30 లక్షల నుంచి 2 కోట్ల వరకూ. ఏ ఊరు కావాలో రాసుకునే గడి అందులో లేదు. బ్యాంకు బదిలీ ఫారంలోనైతే మూడు ఊళ్ళు కోరుకోవచ్చు. ఆ మూడూ వదిలేసి నాలుగోది ఇస్తారనుకోండి, కోరుకున్నామన్న తృప్తి ఎక్కడికీ పోదు. పైగా బ్యాంకు ఆఫీసరు రాజీనామా పడేసి వీధి అవతలి బ్యాంకులో చేరొచ్చు. ఇంగ్లండ్ బ్యాటరు హ్యారీ బ్రూక్‌ను అదే వేలంలో ఢిల్లీ 6.25 కోట్లకు కొంది. సీజన్ ముందు అతడు రానన్నాడు. గాయం లేకుండా మానుకుంటే రెండు సీజన్ల నిషేధమని కొత్తగా రాసుకున్న నిబంధన ఉంది. అది అతనికే తగిలింది.

"సెలవు శాంక్షన్ కాకముందే టికెట్టు కొనుక్కుంటే మా దగ్గరా ఛార్జిషీటే" అన్నాడు బావమరిది. అతనికి ఇంకా జాలి పుట్టలేదు.

ఈ కట్టడికి నిర్వాహకులు చెప్పే కారణం ఒకటుంది, అది కొట్టిపారేసేది కాదు. ఎవరికి నచ్చిన జట్టుకు వాళ్ళు వెళ్తే డబ్బున్న జట్టే గెలుస్తూ కూర్చుంటుందట. జర్మనీ ఫుట్‌బాల్ చూడండి. 2013 నుంచి 2023 దాకా వరసగా 11 సార్లు బయర్న్ మ్యూనిక్కే ఛాంపియన్. మిగతా జట్లు రెండో స్థానానికి పోటీ పడుతున్నామని ఒప్పేసుకున్నాయి. అమెరికావాళ్ళు అందుకే డ్రాఫ్టు పెట్టారు. నిరుడు అట్టడుగున ఉన్న జట్లకు కొత్త కుర్రాళ్ళను ఎంచుకోవడంలో ముందు వరస. మనవాళ్ళు వేలం పెట్టి, ఒక్కో జట్టు ఖర్చుకు 2025లో 120 కోట్ల గీత గీశారు.

వినడానికి సమధర్మంలా ఉంది. ఫలితాల్లోకి వస్తే, 2025 దాకా జరిగిన 18 సీజన్లలో ముంబై అయిదు, చెన్నై అయిదు, కోల్‌కతా మూడు కప్పులు పట్టుకుపోయాయి. ఇంత సమానత్వం పంచాక 13 కప్పులు మూడిళ్ళలోనే తేలాయి. ఢిల్లీ కుర్రాడైన కోహ్లిని 2008 జూనియర్ల డ్రాఫ్టులో ఢిల్లీవాళ్ళే వదిలేసి ప్రదీప్ సాంగ్వాన్‌ను తీసుకున్నారు. కోహ్లి బెంగళూరు వెళ్ళి కప్పు కోసం పద్దెనిమిది సీజన్లు ఎదురుచూశాడు. ఢిల్లీవాళ్ళు ఇప్పటికీ చూస్తున్నారు.

జీతం ఎక్కువైతే జాలి అక్కర్లేదా అన్న ప్రశ్న పాతదే. 1969 అక్టోబరులో సెయింట్ లూయిస్ కార్డినల్స్ తమ బేస్‌బాల్ ఆటగాడు కర్ట్ ఫ్లడ్‌ను ఫిలడెల్ఫియాకు మార్చేసింది. పన్నెండేళ్ళు ఒకే ఊళ్ళో ఆడినవాడు. ఏటా 90 వేల డాలర్ల జీతం, అప్పటికి అది మహారాజభోగం. నేను కొని అమ్మే వస్తువును కానంటూ ఆయన లీగు కమిషనరుకు ఉత్తరం రాసి కోర్టుకెక్కాడు. ఇంత జీతం తీసుకుంటూ ఏమిటీ గోల అని టీవీలో అడిగితే, జీతం బాగా ఇచ్చినా బానిస బానిసేనన్నాడు. ఆటగాళ్ళ యూనియన్ ఖర్చులు పెట్టుకుంది. 1972లో అమెరికా సుప్రీంకోర్టు 5-3 తేడాతో ఆయనకు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. 1975 డిసెంబరులో వేరే ఇద్దరు ఆటగాళ్ళ తగాదాలో మధ్యవర్తి తీర్పుతో, ఆటగాణ్ణి జట్టుకు కట్టేసే ఆ పాత గొలుసు తెగింది. అప్పటికి ఫ్లడ్ ఆట ముగిసింది. ఈ రోజున అక్కడి ఆటగాళ్ళు వందల మిలియన్ల ఒప్పందాల మీద సంతకాలు చేస్తున్నారంటే అందులో ఆ ఓడిపోయిన కేసు వాటా ఉంది.

పోనీ ఎంచుకునే హక్కు వచ్చాక సుఖమా అంటే, బాస్కెట్‌బాల్ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్‌ను అడగాలి. 2010 జులై 8న, ఒప్పందం తీరిపోయిన మనిషి, న్యాయంగా, చట్టప్రకారం, క్లీవ్‌లాండ్ విడిచి మయామీ వెళ్తానని టీవీలో చెప్పాడు. క్లీవ్‌లాండ్‌లో అతని జెర్సీలు తగలబెట్టారు. జట్టు యజమాని ఆ రాత్రే నిప్పులు కక్కుతూ బహిరంగ లేఖ వదిలాడు. ఆ నిప్పులన్నీ ఆయన కామిక్ సాన్స్‌లో కక్కాడు, నర్సరీ పిల్లల పుట్టినరోజు కార్డులకు వాడే అక్షరాల్లో. యజమాని ఆటగాణ్ణి వదిలించుకుంటే వ్యాపారం, ఆటగాడు యజమానిని వదిలించుకుంటే ద్రోహం. అభిమానుల ధర్మశాస్త్రంలో ఇది మొదటి అధ్యాయం.

ఇక్కడ వ్యాసకర్త తన అసలు వాదన బయటికి తీశాడు. ఎంచుకునే హక్కంటే ఇష్టమైన ఊళ్ళో ఇల్లు కట్టుకోవడం ఒక్కటే కాదు, బేరమాడటం. ఆ హక్కు లేనిచోట మిగిలిన డబ్బు ఆవిరైపోదు, ఎవరి జేబులోకో వెళ్తుంది. ఎవరి జేబో చూడాలి.

రవీంద్ర జడేజా సంగతి తీసుకోండి. 2008లో రాజస్థాన్ జట్టుతో కప్పు గెలిచాడు. ఒప్పందం పొడిగింపు మీద సంతకం పెట్టకుండా మరో జట్టుతో నేరుగా బేరమాడాడని 2010 సీజన్ మొత్తం ఆడకుండా నిషేధించారు. బేరమాడటం నేరం కాని చోటు మన దేశంలో కూరగాయల బజారొక్కటే అన్నమాట. 2012 వేలంలో ఇంకో తమాషా. చెన్నై, మన హైదరాబాద్ జట్టు దక్కన్ ఛార్జర్స్ పోటీపడి 20 లక్షల డాలర్ల దగ్గర సమానంగా ఆగిపోయాయి. ఇద్దరి సంచీల్లోనూ అంతే ఉంది. అప్పుడు ఒక్కొక్కరూ చీటీ మీద ఇంకో అంకె రాసి కవర్లో పెట్టి ఇవ్వాలి. చెన్నై చీటీ నెగ్గింది. ఆ అదనపు సొమ్ము ఎంతో బయటపెట్టలేదు. జడేజాకూ ఇవ్వలేదు. అది క్రికెట్ బోర్డుకు వెళ్ళింది. అతని కోసం, అతని పేరు మీద, అతనికి కాకుండా.

2025 డిసెంబరులో అబుదాబీలో జరిగిన చిన్న వేలంలోనూ అంతే. కోల్‌కతా కామెరాన్ గ్రీన్‌ను 25.20 కోట్లకు కొంది. విదేశీ ఆటగాడికి చిన్న వేలంలో 18 కోట్లే పరిమితి గనక మిగతా 7.20 కోట్లు బోర్డు ఖాతాకు. ఆటగాళ్ళ సంక్షేమానికట. గ్రీన్ కూడా ఆటగాడేనన్న సంగతి అక్కడెవరికీ తట్టినట్టు లేదు.

"టీడీఎస్" అన్నాడు బావమరిది కొంచెం మెత్తబడి. మూలం దగ్గరే కోత అతనికి అర్థమయ్యే బాధ.

మన ముంగిట్లోకి వస్తే కథలు ఇంకా రుచిగా ఉన్నాయి. 2008లో సచిన్, గంగూలీ, ద్రవిడ్, సెహ్వాగ్, యువరాజ్ ఐకాన్ ఆటగాళ్ళు. సొంత ఊరి జట్టు, పైగా ఆ జట్టులో అత్యధిక ధరకన్నా 15 శాతం ఎక్కువ. ఆ హోదా వీవీఎస్ లక్ష్మణ్‌కూ వచ్చింది. ఆయన వద్దన్నాడు, ఆ డబ్బుతో దక్కన్ ఛార్జర్స్ మంచి ఆటగాళ్ళను కొనుక్కోవాలని. జట్టు సైమండ్స్‌ను 13.5 లక్షల డాలర్లకు కొంది, లక్ష్మణ్‌కు 3.75 లక్షలు దక్కాయి. ఇంత త్యాగానికి ప్రతిఫలంగా ఆ ఏడాది జట్టు ఆఖరి స్థానం సంపాదించింది. 2011లో ఆయన్ను కొచ్చి జట్టు కొనుక్కుంది. ఆ జట్టు అదే ఏడాది రద్దయింది. మరుసటి ఏడాది దక్కన్ ఛార్జర్సూ రద్దయింది.

గుంటూరులో పుట్టిన అంబటి రాయుడు ముంబైతో మూడు, చెన్నైతో మూడు ఐపీఎల్ కప్పులు గెలిచాడు. హైదరాబాద్‌కు ఐపీఎల్‌లో ఒక్క మ్యాచీ ఆడలేదు. అంతకుముందు పోటీ లీగైన ఐసీఎల్‌లో హైదరాబాద్ హీరోస్‌కు ఆడాడు, తన ఇష్టంతో. అందుకు బోర్డు అతనికి తలుపులు మూసి 2009లో క్షమించింది. హైదరాబాద్ ఆటో డ్రైవరు కొడుకు సిరాజ్ 2017లో సన్‌రైజర్స్‌కు 2.6 కోట్లకు దొరికాడు. ఒక్క ఏడాదిలో బెంగళూరు పోయాడు. ఏడు సీజన్ల తర్వాత వాళ్ళూ వదిలేస్తే గుజరాత్ 12.25 కోట్లకు కొంది. 2025 ఏప్రిల్ 2న బెంగళూరులో బెంగళూరు మీద 3 వికెట్లు, నాలుగు రోజుల తర్వాత ఉప్పల్‌లో హైదరాబాద్ మీద 4. మాజీ యజమానుల ఇళ్ళకు వరసగా వెళ్ళి పలకరించి వచ్చాడు. సొంత ఊరి జనం అతని వికెట్లకు చప్పట్లు కొట్టాలో వద్దో తేల్చుకునేలోపే మ్యాచ్ అయిపోయింది.

డేవిడ్ వార్నర్‌దైతే మరీ విడ్డూరం. 2016లో హైదరాబాద్‌కు కప్పు తెచ్చాడు. 2020 లాక్‌డౌన్‌లో బుట్ట బొమ్మ పాటకు కుటుంబంతో సహా చిందేసి మనవాడైపోయాడు. 2021లో కెప్టెన్సీ పోయింది, ఆపై జట్టులో చోటూ పోయింది. మరుసటి ఏడాది ఢిల్లీ 6.25 కోట్లకు కొనుక్కుంటే, 2022 మే 5న హైదరాబాద్ మీదే 92 కొట్టి అజేయంగా నిలిచాడు. స్థానిక భాష రాదని బదిలీ చేయించుకునేవాళ్ళు బ్యాంకుల్లో ఉన్నారు. స్థానిక పాటకు డాన్సు కట్టి మరీ బదిలీ అయినవాడు వార్నర్ ఒక్కడే.

వీళ్ళందరికీ తలో చిటికెడు జాలి చాలు. మిగిలినదంతా ఎక్కడ ఖర్చు పెట్టాలో జెడ్డా జాబితాలోనే ఉంది. 577 పేర్లలో అమ్ముడైంది 182. మిగతావాళ్ళకు ఊరూ లేదు, కోటీ లేదు. అమ్ముడైనవాళ్ళలోనూ 30 లక్షల కుర్రాళ్ళు బోలెడంత మంది, సీజనంతా బెంచీ మీద కూర్చుని నీళ్ళ సీసాలు మోసేవాళ్ళు. పక్క జట్టులో తన స్థానం ఖాళీగా ఉందని తెలిసినా వెళ్ళలేరు. పంత్ ఎంచుకోలేకపోవడానికి 27 కోట్ల పరిహారం ముట్టింది, అదే నిబంధన వాళ్ళకు ఉచితంగా వర్తిస్తుంది. ఈ మాటకు బావమరిది ఏమీ అనలేదు. జార్ఖండ్‌లో అతని కింద పనిచేసిన కొత్త క్లర్కులు గుర్తొచ్చి ఉండాలి.

2025 నవంబరులో జడేజా మళ్ళీ వార్తల్లోకొచ్చాడు. చెన్నై అతన్ని రాజస్థాన్‌కు ఇచ్చి సంజూ శాంసన్‌ను తెచ్చుకుంది. ఏ జట్టు ఒప్పందం మీద సంతకం పెట్టకుండా పక్కచూపులు చూశాడని నిషేధం పడిందో ఆ జట్టుకే. ధర 18 కోట్ల నుంచి 14కు తగ్గింది.

"జీతం తగ్గించుకుని వెళ్ళాడా? ఆర్డరు ఇచ్చారా, అడిగాడా?" అన్నాడు బావమరిది.

"ఆటగాడు ఒప్పుకోనిదే ఈ మార్పిడి కుదరదయ్యా."

"వాళ్ళది జామ్‌నగర్ కదా. చెన్నైకన్నా జైపూర్ దగ్గర. రిక్వెస్టు బదిలీయే. దానికి టీఏ రాదు బావా. నాలుగు కోట్లతో పోయిందంటే యూనియన్ గట్టిదే."

వాళ్ళకు యూనియన్ లేదని వ్యాసకర్త చెప్పాడు. రిటైరైనవాళ్ళకు సంఘం ఉంది, ఆడుతున్నవాళ్ళకు లేదు. బావమరిది కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. యూనియన్ లేకుండా బదిలీలా? మెమోరాండం ఎవరిస్తారు? ధర్నా ఎవరు చేస్తారు? కాసేపు పైకప్పు కేసి చూసి, జీతంలో ఒక్క శాతం చందా అనుకున్నా పంత్ ఒక్కడి దగ్గరే 27 లక్షలని తేల్చాడు. జనరల్ సెక్రటరీగా అనుభవమున్న మనిషి కావాలంటే తాను స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకోవడానికి సిద్ధమేనన్నాడు. కాకపోతే ఒక షరతు. ఆఫీసు ముంబైలో అంటే రాడు, భీమవరంలో పెట్టాలి.