అండమాన్ స్టడీ టూర్: ఏమీ చూడకుండా పాసయ్యే చిట్కాలు

అండమాన్‌లో వారం రోజులు ‘ప్రపంచీకరణ ప్రత్యక్ష అధ్యయనం’ అని కాలేజీలో నోటీసు పెట్టారా? వెంటనే పేరిచ్చేయండి. ఫీజు నాన్నగారు కడతారు, క్రెడిట్లు మీకు పడతాయి. మధ్యలో చదువు అడ్డు రాకుండా చూసుకుంటే చాలు.

1. రిపోర్టు బయల్దేరకముందే సిద్ధం చేసుకోండి. సీనియర్ల ఫైలు తెచ్చి పేరు మార్చండి. పోర్ట్ బ్లెయిర్ 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అయింది. ఆ ఒక్క మాట దిద్దితే రిపోర్టు కొత్తదైపోతుంది.

2. విశాఖ నుంచి ఓడలో వెళ్లకండి. దాదాపు మూడు రోజులు పడుతుంది. పైగా అక్కడ స్థిరపడ్డ మన సిక్కోలు వాళ్లు తగులుతారు. తాతలు ఎందుకు వలసొచ్చారో, ఇప్పుడు బతుకు ఎలా ఉందో అడక్కుండానే చెప్పేస్తారు. విన్నాక రాయక తప్పదు. హాయిగా విమానమెక్కి నిద్రపోండి.

3. తెల్లవారుజామున జంగ్లీఘాట్ చేపల రేవుకి తీసుకెళ్తామంటారు. అక్కడ తెలుగు జాలర్లే ఎక్కువ, దుబాసీ అక్కర్లేదు. అంటే తప్పించుకోవడానికి భాష సాకు చెల్లదు. కడుపునొప్పే శరణ్యం. తలకు తువ్వాలు చుట్టండి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ సగం చించి, గ్లాసులో కలిపి, సగం తాగి దిండు పక్కన పెట్టండి. నిండు గ్లాసుంటే అనుమానం వస్తుంది. స్వరాజ్ ద్వీప్ ఫెర్రీ టైముకి కోలుకోండి.

4. చాథం రంపపు మిల్లు 1883 నాటిది. ఇంగ్లీషువాళ్లు పడాక్ కలపను ఎక్కడెక్కడికి పంపారో గైడు మొదలుపెట్టగానే నీళ్ల బాటిల్ కోసం బయటికి జారుకోండి. బోర్డు పక్కన ఫోటో మాత్రం దిగండి.

5. గ్రేట్ నికోబార్ జోలికి పోకండి. కోర్సుకు ప్రాణమంతా అక్కడే ఉంది, ప్రమాదమూ అక్కడే. మలక్కా జలసంధికి వెళ్లే ఓడల దారి పక్కనే ఉందని గలాతియా తీరంలో భారీ కంటైనర్ల రేవు తలపెట్టారు. 2022 నవంబరులో పర్యావరణ అనుమతి వచ్చింది. దాదాపు 130 చదరపు కిలోమీటర్ల అడవి పోతుంది. లెదర్‌బ్యాక్ తాబేళ్లు గుడ్లు పెట్టేదీ ఆ తీరంలోనే. షోంపెన్ ఆదివాసులు ఉండేదీ ఆ దీవిలోనే. ఇదంతా చదివితే ఏదో ఒక పక్షం తీసుకోవాల్సి వస్తుంది. ‘అభివృద్ధీ కావాలి, పర్యావరణమూ కావాలి’ అని రాసేయండి. ఎవరికీ కోపం రాదు, మార్కులు తగ్గవు.

6. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ప్లాస్టిక్ సీసాల మీద థాయ్ అక్షరాలు కనబడితే కాలితో ఇసుక కప్పేయండి. సారు చూస్తే ఏరించి, దేశాలవారీగా లెక్క రాయిస్తారు.

7. జారవా ఆదివాసులను ఫోటో తీయడం నేరం. ఇది మీకు వరం. రిపోర్టులో ఫోటో లేని చోటల్లా ‘చట్టరీత్యా అనుమతి లేదు’ అని వేయండి, చేపల మార్కెట్ అయినా సరే.

8. ఆలస్యానికి ‘అక్కడ నెట్ లేదు సార్’ అనండి. చెన్నై నుంచి సముద్రం అడుగున 2,300 కిలోమీటర్ల కేబుల్ వేసి 2020 ఆగస్టులో ప్రారంభించారు. ఈ సంగతి సారుకు తెలియనంతకాలం సాకు పనిచేస్తుంది.

సర్టిఫికెట్ అందరికీ ఒకటే ఇస్తారు. లామినేషన్ చేయించి, రెజ్యూమేలో ‘అంతర్జాతీయ అధ్యయన అనుభవం’ కింద వేసుకోండి.