చదివింది బ్రేకులోనే మరిచిపోవడం ఎలా?

కెమిస్ట్రీలో ఆల్డాల్ కండెన్సేషన్‌తో గంటసేపు కుస్తీ పట్టారు. ఇప్పుడు పది నిమిషాలు బ్రేక్. చదివింది బుర్రకెక్కే ముప్పు ఈ పది నిమిషాల్లోనే ఉంది కాబట్టి ఏమరుపాటు పనికిరాదు.

అన్నిటికన్నా ప్రమాదం ఊరికే కూర్చోవడం. 2012లో ఎడిన్‌బరోలో పరిశోధకురాలు మైకేలా డేవార్ బృందం పెద్దవయసువాళ్లకు రెండు కథలు వినిపించింది. ఒక కథ అయ్యాక పది నిమిషాలు చీకటి గదిలో వదిలేసింది. రెండోది అయ్యాక రెండు బొమ్మల మధ్య తేడాలు పట్టే ఆట ఆడించింది. వారం తర్వాత అడిగితే, ఖాళీగా కూర్చునే ముందు విన్న కథే ఎక్కువ గుర్తుంది! మనం ఖాళీగా ఉన్నామనుకున్నప్పుడే మెదడు కొత్త సరుకును సర్దుకుంటుందట. ఆ సర్దుడు సాగనివ్వకూడదు.

అందుకు ఫోనే శరణ్యం. అయితే ఒక్క వీడియో చూసి ఆగితే లాభం లేదు. బిర్యానీ, వెంటనే క్రికెట్, ఆ వెంటనే ఎవరిదో సంగీత్‌లో స్టెప్పులు, ఇలా బొటనవేలు ఆడుతూనే ఉండాలి. మధ్యలో వాట్సాప్ తెరిచి, 'ఎక్కడిదాకా వచ్చావురా?' అని క్లాసు టాపర్‌ని అడగండి. 'సెకండ్ రివిజన్ అయిపోయింది మామా' అంటాడు. ఇక ఆల్డాల్ గురించి దిగుల్లేదు, దాని చోట్లో గుండెదడ కూర్చుంటుంది.

కునుకు జోలికి అసలు పోవద్దు. చదివాక మెలకువగా ఉన్నప్పటికన్నా, నిద్రపోతే మరుపు తక్కువని 1924లోనే జెన్‌కిన్స్, డాలెన్‌బాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చూపించారు. అదృష్టం కొద్దీ ఈ విషయంలో ఇల్లూ హాస్టలూ మన పక్షమే. మీరు కళ్లు మూసుకుని కుర్చీలో వెనక్కి వాలారో లేదో, 'పరీక్షలు నెత్తిమీద పెట్టుకుని ఆ నిద్రేమిట్రా?' అని నాన్నగారు కేకేస్తారు. అదే పుస్తకం మధ్యలో ఫోన్ పెట్టుకుని తల వంచుకుంటే, 'పాపం, బ్రేకు కూడా తీసుకోవడం లేదు' అంటూ అమ్మ బూస్ట్ కలిపి తెస్తుంది. స్టడీ అవర్‌లో కిటికీలోంచి చూసేవాణ్ణి పట్టుకునే వార్డెన్‌గారైతే మన ఉద్యమానికి గౌరవాధ్యక్షులు.

కాసేపు డాబా మీద నడుద్దామనిపిస్తే ఇయర్‌ఫోన్స్ మరవకండి. వట్టి చెవులతో నడిస్తే ఇందాకటి రియాక్షన్ దానంతటదే గుర్తుకు రావచ్చు. అలా ఒకసారి గుర్తుకొచ్చిందా, ఇంకాస్త గట్టిపడుతుంది. అప్పుడిక వదిలించుకోవడం చాలా కష్టం.