పెద్దమ్మ, ఇరవై లంగోటీలు

మా పెద్దమ్మ ఎవరింటికి పోయినా మొదట దండెం చూస్తుంది. చంటిపిల్లలున్న ఇల్లయితే చెప్పక్కర్లేదు. ఆరేసిన లంగోటీని రెండు వేళ్లతో పట్టి, ముక్కు దగ్గర పెట్టుకుని, "సబ్బు పోలే" అని తీర్పు చెప్పాకే గడప దాటుతుంది. ఒక సంబంధం ఇట్లాగే తప్పిపోయిందని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఆమె మాత్రం ఒప్పుకోదు. "లంగోటీలు చూసే వద్దన్ననా? బకీటు గూడ చూసిన."

మావాడి పుట్టెంటుకలు ఏడుపాయల వనదుర్గమ్మ గుడి దగ్గర తీయిస్తామని మొక్కు. శివరాత్రి జాతరలో ఆ జనాన్ని తట్టుకోలేం. వానాకాలం పోదామంటే సింగూరు డ్యాం గేట్లెత్తితే మంజీర గుడిలోకే వస్తుంది. వరద తగ్గాక ఒక ఆదివారం ఖాయం చేశాం. మేం మేకపోతు, బియ్యం, కట్టెల లెక్కలో ఉంటే పెద్దమ్మ లంగోటీలు లెక్కపెట్టింది. ఇరవై. తను ముప్పై ఏళ్లు కట్టి మెత్తబరచిన సిద్దిపేట గొల్లభామ చీర చింపి కుట్టినవి. గుచ్చుతుందని అంచు కోసేసింది. కోయబోతూ ఆ కుండలెత్తుకున్న గొల్లభామల వంక చాలాసేపు చూసిందని మా ఆవిడ చెప్పింది. అడిగితే, "కండ్లు మసకైనయ్, కత్తెర ఆడలే" అంది.

మా ఆవిడ సంచి అడుగున డైపర్ల ప్యాకెట్ దాచింది. పెద్దమ్మకు దొరికిపోయింది.

"పిలగాన్ని ప్లాస్టిక్ సంచిల కడ్తవా బిడ్డా? మామిడికాయ అనుకున్నవా మాగబెట్టనీకి?"

మంజీర అక్కడ ఏడు పాయలై, సప్తర్షుల పేర్లు పెట్టుకుని పారుతుంది. అందరూ వనదుర్గమ్మకు దండం పెట్టుకుని చెట్ల కింద పొయ్యిరాళ్లు వెతుక్కుంటున్నారు. మావాడు గుండు కాకముందే రెండు పాడు చేశాడు. ఇంత నీళ్లుండగా ఏం చింత అని నేను పాయ దగ్గరికి నడిచాను.

"ఓ కొడుకా! అమ్మ ముంగట పీతిగుడ్డలు జాడిస్తవా?"

పాయలో ఒక్కటీ ముంచకూడదట. బకీటుతో నీళ్లు మోసుకొచ్చి, దూరంగా చెట్టు మొదట్లో ఉతకాలి. ముందు చన్నీళ్లే. వేడినీళ్లు మొదలే పోస్తే మరక ఉడికి కూర్చుంటుంది. ఆ తర్వాత సబ్బు, వేడినీళ్లు. ఆ వేడినీళ్ల కోసం పొయ్యి మీది కూరగిన్నె దింపించింది. మా బావ ముఖం చూడాలి! ఆఖరున నురగ పోయేదాకా జాడించాలి. మెలిపెట్టి పిండితే పిలగాని పొట్ట తిప్పుతుందట, అది మాత్రం నేను నమ్మను, నమ్మకపోయినా మెలిపెట్టలేదు. నాలుగు నీళ్లయ్యేసరికి ఏడు పాయలూ నా భుజం మీదుగానే పారినట్టయింది.

ఆమెతో వాదించే మొహం నాకు లేదు. అంతకు నెలముందు వాసన బాగుంటుందని బట్టలను మెత్తబరిచే మందు కలిపి ఉతికాను. పెద్దమ్మ ఏమీ అనలేదు. ఆరిన గుడ్డ మీద ఒక చుక్క నీళ్లు వేసింది. చుక్క తామరాకు మీద లాగా నిలబడింది. "చూడు, గుడ్డ తాగుతలేదు. ఆముదం పూసినట్టున్నది." ఆ మందు నూలుకు పూతలా పట్టేస్తుంది, ఇక తడి పీల్చదు. పొంగే నీళ్లలో మూడుసార్లు ముంచి తీస్తే గానీ దారికి రాలేదు. ఆ కథ ఆమె ఏడుపాయలలో మంగలికి కూడా చెప్పింది. నా చిన్నప్పటి గుడ్డలు ఆమే ఉతికిందన్న సంగతి నా పెళ్లిలో వియ్యాలవారికి చెప్పిన మనిషి, మంగలిని వదులుతుందా?

ఇంటికొచ్చాక లెక్కపెడితే పంతొమ్మిది. ఒకటి ఆ చెట్టుకొమ్మకే ఉండిపోయింది. పెద్దమ్మ అన్నం తినకుండా కూర్చుంటే నేనే బండి తీసుకుని మళ్లీ పోయాను. దొరికింది. చీకట్లో పక్కవాళ్ల పొయ్యి పొగ పట్టి, మేకమాంసం వాసన వేస్తోంది.

మొన్న ఎదురింటి వరండాలో చంటిపాప గుడ్డలు ఆరేసి ఉన్నాయి. ఇంటాయన తలుపు తీసేసరికి ఒకటి నా ముక్కు దగ్గరుంది.

"ఏం సార్, ఏమన్న కావాల్నా?"

"ఇంకో నీళ్లు జాడించాలె" అన్నాను.