కాస్త పురుగు, మంచి ప్రతి (టీకా తాత్పర్య సహితం)

మూలం

కోడ్ సివిల్ దే ఫ్రాన్సే. మొదటి, ఏకైక అధికార ముద్రణ. పారిస్, రిపబ్లిక్ ముద్రణాలయం, 12వ ఏడు, 1804. క్వార్టో. ఆనాటి దూడతోలు బైండు. కీళ్లు బలహీనం. కాస్త పురుగు. మంచి ప్రతి. ధర అడగవలెను.

అవతారిక

పాత ఫ్రెంచి న్యాయగ్రంథాలు కూడబెట్టే ఒకానొక భక్తుడు పారిస్ పుస్తక వర్తకుడి కేటలాగులో ఇటువంటి గద్యం చూసి పులకించిన సందర్భం. ఛందస్సు లేదు, యతిస్థానాల్లో ఫుల్‌స్టాపులున్నాయి. రసం శృంగారం. కాదు, భయానకమని కొందరు. వారు ధర అడిగినవారు.

ప్రతిపదార్థం

కోడ్ సివిల్ దే ఫ్రాన్సే = ఫ్రెంచివారి పౌరస్మృతి. పోర్తాలిస్, ట్రాన్షే, బిగో ద ప్రేయమెన్యూ, మాల్విల్ అనే నలుగురు న్యాయకోవిదులు ముసాయిదా రాయగా, 36 చట్టాలుగా విడివిడిగా పాసై, 2281 అధికరణాలతో ఒక్కటైన గ్రంథం. 1807లో దీనికి కోడ్ నెపోలియన్ అని పేరు మార్చారు. కనుక శీర్షిక పేజీలో ఆ పేరుంటే అది ఈ పుస్తకం కాదు, దీని తమ్ముడు.

మొదటి, ఏకైక అధికార ముద్రణ = ఇది వర్తకుడి పొగడ్త కాదు, ప్రభుత్వమే శీర్షిక పేజీ మీద అచ్చేసుకున్న బిరుదు. 'ఏకైక' అని నొక్కి చెప్పడం చేత అనధికార ముద్రణలు బజారులో ఉన్నాయని ధ్వని. నిజంగానే ఉండేవి.

పారిస్ = ఊరు. స్పష్టం.

రిపబ్లిక్ ముద్రణాలయం, 12వ ఏడు = ఫ్రెంచి విప్లవం రాజుతో పాటు పాత పంచాంగాన్నీ తీసేసి కొత్తది పెట్టింది. కోడ్ ఒక్కటైన రోజు ఆ లెక్కన 12వ ఏడు వాంతోజ్ నెల 30, మన లెక్కన 21 మార్చి 1804. అదే ఏడు మే 18న నెపోలియన్ చక్రవర్తి అయ్యాడు, ముద్రణాలయమూ సామ్రాజ్య ముద్రణాలయమైంది. ఆ రెండు తేదీల మధ్య రెండు నెలలైనా లేవు. 'రిపబ్లిక్' అన్న మాట ఆ సందులో పడింది. భక్తుడు డబ్బు పోసేది ఆ సందుకే.

క్వార్టో = కాగితాన్ని రెండు మడతలు వేస్తే వచ్చే నాలుగాకుల కొలత. ఇదే ముద్రణను మూడు మడతల ఆక్టావోలోనూ వేశారు. ఆక్టావో ఉన్నవాడు క్వార్టో ఉన్నవాడికి ముందుగా నమస్కరించాలన్నది శిష్టాచారం.

ఆనాటి దూడతోలు బైండు = ఇక్కడ బరువంతా 'ఆనాటి' మీద ఉంది. తర్వాత కట్టించిన బైండు ఎంత సొగసుగా ఉన్నా రేటు పడిపోతుంది. వీపు మీద అడ్డంగా గట్లు కనిపిస్తాయి, కుట్టు తాళ్ల మీద తోలు బిగిస్తే ఏర్పడినవి. గట్ల మధ్య గళ్లలో బంగారుపూత పువ్వులు, పైనుంచి రెండో గడిలో ఎర్రతోలు చీటీ మీద పేరు. వేలితో రాసి చూడవలెను. నున్నగా జారితే దూడతోలు, పైపొర పొలుసులుగా లేస్తే గొర్రెతోలు. రోజూ కోర్టుకు మోసుకుపోయే వకీళ్ల ప్రతులకు ఎక్కువగా ఈ రెండోదే. నాకైతే వాటి మీదే గౌరవం ఎక్కువ.

కీళ్లు బలహీనం = అట్ట వీపుతో కలిసేచోట తోలు చిట్లింది. తెరవకండి అని భావం. చదవాలని బుద్ధి పుడితే దల్లోజ్ వారు ఏటేటా వేసే ఎర్రట్ట కోడ్ కొనుక్కోవలెను.

కాస్త పురుగు = ఎంత అన్నది అధ్యాహారం. ఆస్తిని అత్యంత నిరంకుశంగా అనుభవించవచ్చునని 544వ అధికరణం. పురుగు చట్టాన్ని తు.చ. తప్పకుండా పాటించింది.

మంచి ప్రతి = ఇన్ని దోషాలు ఒప్పుకున్నాక కూడా అమ్మేవాడి నమ్మకం.

ధర అడగవలెను = అడగకూడదు.

పాఠాంతర విచారం

ఇదే భక్తుడు మాంటెస్క్యూ 'చట్టాల ఆత్మ' కోసమూ తిరుగుతాడు. బోర్డో న్యాయస్థానంలో పనిచేసిన ఆయన దాన్ని 1748లో జెనీవాలో, రచయిత పేరు లేకుండా, ఏడాది వేయకుండా, రెండు క్వార్టో సంపుటాలుగా వేయించాడు. 1751లో రోము చర్చి నిషిద్ధ గ్రంథాల పట్టీకెక్కింది. పేరూ ఏడూ లేని పుస్తకంలో అసలును ఎలా పట్టడం? ప్రకాశకుడి పేరు 'బారియో' ఫ్రెంచి వర్ణక్రమంలో రెండు రేఫలతో ఉంటే మొదటి ముద్రణ, ఒక్కటే ఉంటే అనుమానం. ద్విరేఫమంటే తుమ్మెదేనని మన నిఘంటువులు ఊరికే అనలేదు. భూతద్దం పట్టుకుని ఆ పేజీ మీద వాలేవాణ్ని చూస్తే ఒప్పుకోవాల్సిందే.

తాత్పర్యం

కోడ్ రాకముందు ఫ్రాన్సుకు ఒకే చట్టం లేదు. దక్షిణాన రోమన్ ధర్మం, ఉత్తరాన సీమకో ఆచారం. నార్మండీలో కొడుకులుంటే కూతురికి వారసత్వం లేదు. పారిస్‌లో సామాన్యుల ఇళ్లలో ఇద్దరికీ సమానం. ఈ ఆచారాలను రాసి పెట్టమని 1454లో ఏడవ చార్లెస్ ఆజ్ఞాపించాడు. పారిస్ ఆచారం 1510లో కాగితమెక్కి, 1580లో సవరణ పొందింది. 1724లో బూర్దో ద రిష్‌బూర్ దేశంలోని ఆచారాలన్నీ నాలుగు ఫోలియో సంపుటాల్లో పోగేశాడు. ఒక్కో సంపుటం ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి.

1804 మార్చి 21 నాటి చట్టం ఏడో అధికరణంలో, కోడ్ తాకిన విషయాల్లో రోమన్ చట్టాలకూ, రాజశాసనాలకూ, ఆచారాలకూ ఇక చట్టబలం లేదని తేల్చేసింది. అంతకుముందు రోజు దాకా వకీలు పొట్ట నింపిన ఫోలియోలు తెల్లారేసరికి పాత పుస్తకాలయ్యాయి. ఫ్రెంచి న్యాయగ్రంథాల సేకరణ అనే వ్యసనానికి పుట్టినరోజు పెట్టాలంటే అదే. కోడ్ ప్రతికి మోజు ఎక్కువ గానీ, సరుకు ఆచార గ్రంథాల్లోనే ఉంది. కూతురికి వాటా ఎందుకు లేదో ఒక సీమ చెప్పుకున్న సంజాయిషీ ఇంకెక్కడా దొరకదు.

కోడ్ మనకూ పూర్తిగా పరాయిది కాదు. 1881 నాటి డిక్రీ ప్రకారం తమ ఆచార ధర్మాన్ని వదులుకున్న పుదుచ్చేరి, యానాం తదితర ఫ్రెంచి సీమల భారతీయులకు ఇదే వర్తించింది.

శంక, సమాధానం

శంక: 1804 నాటి 524వ అధికరణం ప్రకారం యజమాని భూమి అవసరానికి పెట్టిన తేనెపెట్టెలూ, చెరువులో చేపలూ స్థిరాస్తి. మరి పుస్తకాలు?

సమాధానం: చరాస్తే. కానీ 533 చూడుము. వీలునామాలో 'సామాను' అని ఒంటరిగా రాస్తే అందులోకి నగదు, రత్నాలు, గుర్రాలు, ద్రాక్షసారాయి, పుస్తకాలు రావు.

శంక: అయితే భక్తుడు తన కూతురికి పుస్తకాలని విడిగా రాశాడా?

సమాధానం: రాయలేదు. రాస్తే ఏ పుస్తకాలని ఆమె అడుగుతుంది. చూపిస్తే ఫోను తీసి ధర వెతుకుతుంది. ఇంటి కప్పు మూడు వానాకాలాలుగా కారుతున్న సంగతి ఆమెకు తెలుసు.